సెపక్ తక్రా: ఎగిరి తన్నాలంటే ముందు దిగడం నేర్చుకోవాలి

సెపక్ తక్రా అంటే వాలీబాల్‌లా నెట్ మీదుగా, కానీ చేతులతో కాకుండా కాళ్ళతో బంతిని తన్నే ఆట. ఇందులో నెట్ ఎత్తు మధ్యలో మగవాళ్ళకు 1.52 మీటర్లు, ఆడవాళ్ళకు 1.42 మీటర్లు. అంటే ఇంచుమించు మీ గడ్డం ఎత్తు. చెయ్యి తగలకూడదు. అంత ఎత్తు మీదుగా బంతిని కిందికి కొట్టాలంటే పాదం తల కంటే పైకి పోవాలి, ఒళ్ళు గాలిలో అడ్డం తిరగాలి, ఆ తర్వాత ఒంటికాలి మీద నేలకు దిగాలి. చూసేవాళ్ళంతా తన్నునే చూస్తారు. మోకాళ్ళు, చీలమండలు పాడయ్యేది మాత్రం ఎక్కువగా దిగేటప్పుడే.

థాయ్‌లాండ్, మలేసియాల్లో చాలామంది పిల్లలు వలయంగా నిలబడి, బంతి కింద పడకుండా ఒకరికొకరు తన్నుకుంటూ పెరుగుతారు. నెట్ ముందుకు వచ్చే వయసుకే వాళ్ళ తుంటి కీళ్ళు ఆ కదలికలకు అలవాటుపడి ఉంటాయి. మన దగ్గర సంగతి వేరు. ఇక్కడ ఈ ఆటలోకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు కబడ్డీనో, ఖోఖోనో, వాలీబాలో ఆడి హైస్కూలు చివర్లోనో ఇంటర్లోనో మొదలుపెడతారు. పదేళ్ళ వీధి ఆటలో వాళ్ళ ఒంటికి అబ్బింది మనం కొన్ని నెలల్లో కావాలని సంపాదించుకోవాలి. అది సాధ్యమే. మణిపూర్ ఆటగాళ్ళు ఎక్కువగా ఉండే మన జట్టు 2018 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చింది, ఈ ఆటలో మనకు ఆసియా క్రీడల తొలి పతకం అదే. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన అమ్మాయిలు రెగులో, అంటే ముగ్గురేసి ఆడే పోటీలో, కాంస్యం గెలిచారు. 2025 మార్చిలో పాట్నాలో జరిగిన వరల్డ్ కప్‌లో పురుషుల రెగు జపాన్‌ను ఓడించి స్వర్ణం అందుకుంది.

మీకు పదిహేనేళ్ళు దాటాయని, పెద్ద గాయాలేవీ లేవని, పాదం లోపలి పక్కతో బంతిని పది పదిహేనుసార్లు నిలపగలుగుతున్నారని అనుకుని ఇది రాస్తున్నాను. ఇంకా చిన్నవాళ్ళయితే బరువులు, ఎత్తు నుంచి దూకడాలు వదిలేసి మిగతావి పీఈటీ సారు కళ్ళముందు చేయండి. మొత్తానికి పన్నెండు వారాలు పడుతుంది. కొందరికి పదహారు. తొందరపడితే మాత్రం ఇంకా ఆలస్యమవుతుంది, ఎందుకంటే మధ్యలో గజ్జ పట్టేసిందంటే నెల రోజులు కూర్చోవాల్సిందే.

మొదటి అడుగు: ఇప్పుడు మీ ఒళ్ళు ఎక్కడుందో చూసుకోండి

ఈ ఐదు పరీక్షలకు అరగంట చాలు. ఫలితాలు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. నాలుగు వారాలకోసారి మళ్ళీ చేయాలి.

చెప్పులు లేకుండా గొంతుక్కూర్చోండి. మడమలు నేలకు ఆనాలి, ఒక నిమిషం అలాగే ఉండగలగాలి. కమోడ్ అలవాటైన ఇళ్ళలో పెరిగిన పిల్లల్లో చాలామంది ఇక్కడే వెనక్కి పడిపోతారు. సాధారణంగా చీలమండ ముందుకు వంగకపోవడమే దానికి కారణం.

గోడకు ఎదురుగా ఒక పాదం పెట్టండి. బొటనవేలికీ గోడకూ మధ్య 10 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. మడమ లేవకుండా మోకాలు గోడకు తగలాలి. రెండు కాళ్ళకూ విడివిడిగా చూడండి, తేడా ఉంటే రాసుకోండి.

మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి మడమను కింది మెట్టుకు మెల్లగా తాకించి పైకి రండి. ఎనిమిదిసార్లు. ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీయండి. నిలబడ్డ కాలి మోకాలు లోపలికి వాలిపోతోందా? అయితే మీరు ఇంకా ఎగరడానికి సిద్ధంగా లేరు. ఈ ఒక్క పరీక్ష విషయంలో మొహమాటం వద్దు.

ఒంటికాలి మీద మునివేళ్ళతో పైకి లేవడం, ఆగకుండా 20 సార్లు. గోడకు వేలు ఆనించుకోవచ్చు.

చివరిది అన్నిటికంటే ముఖ్యం. నిటారుగా నిలబడి ఒక కాలిని చేత్తో పట్టుకుని ముందుకు, ఎంత పైకి పోతే అంత పైకి ఎత్తండి. ఇప్పుడు చెయ్యి వదిలేయండి. కాలు ఎక్కడిదాకా జారి ఆగింది? చేత్తో ఎత్తిన ఎత్తుకూ, తనంతట తాను నిలిచిన ఎత్తుకూ మధ్య ఉన్న దూరమే మీ అసలు లోటు. నేల మీద కాళ్ళు బార చాపి కూర్చోగలిగి కూడా నిలబడి నడుము ఎత్తుకు తన్నలేని వాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళ కండరం సాగుతుంది కానీ సాగిన చోట దానికి బలం లేదు. ఆటలో మీ కాలిని ఎవరూ పట్టుకుని ఎత్తరు. పన్నెండు వారాల్లో మనం తగ్గించాల్సింది ఈ దూరాన్నే. ఇదే కసరత్తును పక్కకు ఎత్తి కూడా చూసుకోండి.

రెండో అడుగు: నిలబడే కాలు

మొదటి నాలుగు వారాలు ఎగరడం లేదు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, బలం కోసం పనిచేయాలి. జిమ్ లేకపోయినా ఫర్వాలేదు. పుస్తకాల బ్యాగులో ఇసుక సంచులు, బాగా అలవాటయ్యాక పాతిక కిలోల బియ్యం బస్తా, ఓ మెట్టు, ఓ బెంచీ, ఒక తోడు. ఇవి చాలు.

బస్కీలతో మొదలుపెట్టండి. మన తాలింఖానాల్లో వందలకొద్దీ వేగంగా తీసే పద్ధతి ఒకటుంది, అది ఓపిక పెంచుతుంది. ఇక్కడ మనకు కావలసింది బలం. కాబట్టి మూడు లెక్కపెడుతూ కిందికి, ఒక క్షణం ఆగి, పైకి. పదిహేను చొప్పున మూడు విడతలు. సులువైతే వీపున బరువు పెట్టండి, సంఖ్య పెంచకండి.

తర్వాత వెనక పాదాన్ని బెంచీ మీద పెట్టి, ముందు కాలి మీద కూర్చుని లేవడం. కాలికి ఎనిమిది చొప్పున మూడు విడతలు. ఇది ఒంటికాలి బలానికి మూలం. ఎన్ని కసరత్తులు వదిలేసినా దీన్ని వదలకండి.

ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు వెనక్కి చాపుతూ ముందుకు వంగి లేవడం కూడా ఎనిమిదేసి. నడుము గూని కాకూడదు, తుంటి ఒక పక్కకు తెరుచుకోకూడదు. తక్రాలో సర్వీస్ చేసే టెకాంగ్‌కు ఇది అన్నం లాంటిది.

ఇక రెండు కసరత్తులు ఫుట్‌బాల్ నుంచి అరువు తెచ్చుకోవాలి. తొడ వెనక కండరానికి నార్డిక్, గజ్జకు కోపెన్‌హేగన్. ఈ రెండు చోట్లా గాయాలు తగ్గుతాయని ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. కాలు తల ఎత్తుకు పోయే మన ఆటలో వాటి అవసరం మరీ ఎక్కువని నా నమ్మకం.

నార్డిక్ ఇలా: మోకాళ్ళ కింద మెత్తటి దుప్పటి వేసుకుని మోకాళ్ళ మీద నిలబడండి. తోడు మీ చీలమండలను నేలకు గట్టిగా అదిమి పట్టాలి. మోకాలి నుంచి తల దాకా ఒకే గీతలో ఉంచి, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా ముందుకు వాలండి. ఇక ఆపలేమనుకున్నప్పుడు చేతుల మీద పడి, చేతులతో నెట్టుకుని వెనక్కి రండి. మొదటి వారం మూడేసి చొప్పున రెండు విడతలే. మర్నాడు తొడలు బాగా పట్టేస్తాయి, అది మామూలే. ఆరు వారాల్లో ఎనిమిదేసి చొప్పున మూడు విడతలకు చేరండి.

కోపెన్‌హేగన్: పక్కకు తిరిగి మోచేతి మీద ఆనుకుని, పై కాలిని బెంచీ మీద ఉంచి, ఒళ్ళంతా పైకి లేపండి. కింది కాలు గాలిలో బెంచీ కిందికి చేరాలి. మొదట పై కాలి మోకాలిని బెంచీ మీద పెట్టండి. రెండు మూడు వారాల తర్వాత చీలమండను పెట్టండి. ఒక్కో వైపు ఆరు నుంచి పది. గజ్జలో సూదిలా గుచ్చితే మోకాలి పద్ధతికే తిరిగి వెళ్ళండి.

పిక్కలకు మెట్టు అంచున లేవడం దిగడం, మోకాలు చాచి ఒక విడత, కొద్దిగా వంచి ఒక విడత. చివర్లో దండీలు పన్నెండు, పక్క ప్లాంక్ అరనిమిషం చొప్పున, బోర్లా పడుకుని ఛాతీ, కాళ్ళు కలిపి ఎత్తి పట్టడం. గాలిలో తిరిగేటప్పుడు కాలి ఊపును భుజాల దాకా మోసుకెళ్ళేది నడుమే. అది వదులుగా ఉంటే తన్నులో పస ఉండదు, నడుంనొప్పి మాత్రం మిగులుతుంది.

మూడో అడుగు: తుంటి తెరవడం, తెరిచిన చోట బలం పెంచడం

ఇది రోజూ చేయాలి. పదిహేను నిమిషాలు, ఆట అయ్యాక, ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడు. ఆటకు ముందు ఒకే కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి పట్టుకుంటే ఎగిరే శక్తి కొంత తగ్గుతుంది. అందుకే ముందు ఊపులు, తర్వాత సాగదీతలు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. తోటివాళ్ళు వీపు మీద కూర్చుని నొక్కడం, మోకాళ్ళ మీద నిలబడి కాళ్ళు బలవంతంగా విడదీయడం చాలా మైదానాల్లో కనిపిస్తుంది. దయచేసి ఒప్పుకోకండి. అలా వచ్చిన వంపు నిలవదు, గజ్జ నరం పట్టిందంటే మాత్రం నెలల తరబడి వదలదు. మీ బలంతో మీరు వెళ్ళగలిగినంతే వెళ్ళండి.

బాసింపట్టు వదిలి, రెండు అరికాళ్ళూ కలిపి కూర్చోండి. మోచేతులను మోకాళ్ళ లోపలి పక్కన ఆనించండి. ముందు మోకాళ్ళతో మోచేతులను పైకి నెట్టండి, ఆరు లెక్కపెట్టేదాకా. వదిలేయండి, ఊపిరి విడుస్తూ మోకాళ్ళను కిందికి జారనివ్వండి. ఇప్పుడు చేతులు తీసేసి, పిరుదు కండరాలతోనే మోకాళ్ళను ఇంకాస్త కిందికి లాగి ఆరు లెక్కపెట్టండి. ఇలా నాలుగుసార్లు. ఈ మూడో భాగాన్నే అందరూ వదిలేస్తారు. ఫలితం మాత్రం అక్కడి నుంచే వస్తుంది. పాదం లోపలి పక్కతో బంతి అందుకునే ప్రతిసారీ తుంటి తిరగాల్సింది ఇలాగే.

తర్వాత అరుగు ముందు నిలబడి ఒక మడమను దాని మీద పెట్టండి. రెండు మోకాళ్ళూ చాచి, వీపు నిటారుగా. మడమతో అరుగును కిందికి అదమండి, ఆరు లెక్క. ఇప్పుడు నడుము వెనక్కి వాలకుండా ఆ పాదాన్ని అరుగు నుంచి ఒక్క అంగుళం పైకి లేపండి, మూడు లెక్క. మొదట్లో అది అంగుళం కూడా లేవదు, తొడ పైభాగం పట్టేసి గిలగిలలాడిస్తుంది. అక్కడే ఉండండి. ఐదుసార్లు ముందుకు, ఐదుసార్లు పక్కకు తిరిగి. అంగుళం లేవడం సులువయ్యాకే ఇంకొంచెం ఎత్తైన గట్టుకు మారండి. నడుము ఎత్తు దగ్గర మొదలుపెట్టి ఛాతీ ఎత్తుకు చేరడానికి రెండు మూడు నెలలు పట్టినా అది మంచి వేగమే.

మూడోది, ఒక మోకాలు నేల మీద, రెండో పాదం ముందు పెట్టి, వెనక తుంటిని ముందుకు తోయడం. వెనక పిరుదును బిగిస్తేనే తొడ ముందుభాగం సాగుతుంది. బిగించకపోతే నడుము విల్లులా వంగుతుంది, తుంటి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రోజంతా బల్లల మీద కూర్చుని చదువుకునే ఇంటర్ పిల్లలకు ఇది తప్పనిసరి.

గొంతుక్కూర్చోలేని వాళ్ళు రోజూ రెండు మూడు నిమిషాలు కిటికీ ఊచో స్తంభమో పట్టుకుని అలా కూర్చోండి.

పుట్టుకతోనే కీళ్ళు మరీ వదులుగా ఉండేవాళ్ళు కొందరుంటారు. మోచేయి, మోకాలు వెనక్కి వంగుతాయి, బొటనవేలు వంచితే ముంజేతికి తగులుతుంది. మీరు అలాంటివారైతే సాగదీతలు తగ్గించి, ఎత్తి పట్టే భాగాలు, రెండో అడుగు కసరత్తులు ఎక్కువ చేయండి. మీకు వంపు చాలినంత ఉంది, కావలసింది బిగువు.

నాలుగో అడుగు: దిగడం, పడడం

గాలిలో చుట్టు తిరిగి బంతిని నెట్ మీదుగా కిందికి తన్నడాన్ని రోల్ స్పైక్ లేదా రోల్ అంటారు. అందులో నెట్‌కు వీపు పెట్టి మొదలవుతారు. తన్నని కాలిని ముందు పైకి ఊపి, ఆ ఊపుతో లేచి, గాలిలో తిరుగుతూ తన్నే కాలిని ఎదుటి భుజం మీదుగా తెస్తారు. పూర్తిగా చుట్టు తిరిగే మేటి ఆటగాళ్ళు తన్నిన కాలి మీదే దిగుతారు. అంతగా తిరగని వాళ్ళు రెండో కాలి మీద దిగుతారు. అంటే మీకు రెండు కాళ్ళూ విడివిడిగా ఒళ్ళంతటి బరువునూ ఆపగలగాలి. ఒంటికాలి మీద దిగేటప్పుడు ఆ కాలి మీద పడే తాకిడి ఒంటి బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. అప్పుడు మోకాలు లోపలికి వాలితే మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే స్నాయువు తెగే ప్రమాదం ఉంది. ఆడపిల్లల్లో ఈ గాయం మగపిల్లల కంటే ఎక్కువ. అందుకే అమ్మాయిల జట్లకు ఈ అడుగు మీద రెట్టింపు సమయం పెట్టాలంటాను.

మూడో వారంలో మొదలుపెట్టండి. మెట్టు మీద నుంచి రెండు కాళ్ళ మీద దిగండి. ముందు మునిపాదం, వెంటనే మడమ, మోకాళ్ళు వంగాలి, పిరుదులు వెనక్కి. దిగాక రెండు సెకన్లు బొమ్మలా ఆగండి. చప్పుడు వినండి. పాదం ధబ్బుమంటే మళ్ళీ చేయండి. చప్పుడు లేకుండా పదికి పది వచ్చాక ఒంటికాలి మీదకు మారండి. తర్వాత గాలిలో పావు చుట్టు తిరిగి దిగడం, ఆపైన అర చుట్టు. కుడివైపు, ఎడమవైపు రెండూ. వీడియో తీసుకుని, మోకాలు రెండో కాలివేలి దిక్కుకే చూస్తోందా లేదా చూసుకోండి.

సిమెంటు నేల మీద ఇవి చేయకండి. మట్టి నేల, గడ్డి, లాంగ్‌జంప్ ఇసుక, కబడ్డీ మ్యాట్ ఏదైనా మంచిదే. చివరికి కోర్టు నేల మీద బూట్లతో.

ఇక పడడం. రోల్ నేర్చుకునేటప్పుడు మీరు పడతారు, వీపు మీదే పడతారు. అప్పుడు ఎవరికైనా చెయ్యి వెనక్కి చాచి నేలకు ఆనించబుద్ధవుతుంది. మణికట్టు, మోచేయి విరిగేది అలాగే. ఆ అలవాటును ముందే మాన్పించాలి. మ్యాట్ మీద గొంతుక్కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి వెనక్కి దొర్లండి. చేతులు ఒంటికి కాస్త దూరంగా, అరచేతులు కిందికి చూస్తూ, ముంజేతులతో మ్యాట్‌ను చరచాలి. తల నేలకు తగలకూడదు. అది వచ్చాక పక్కకు పడి భుజం వెనకభాగం మీదుగా దొర్లడం. జూడో తెలిసిన సారు దగ్గర్లో ఉంటే రెండు రోజులు నేర్పమని అడగండి. ప్రతి ప్రాక్టీసు మొదట్లో నాలుగైదు దొర్లుళ్ళు చేస్తే ఆలోచించకుండానే ఒళ్ళు గుండ్రంగా మారడం అలవాటవుతుంది.

ఐదో అడుగు: ఎగరడం

ఐదో వారం నుంచి, వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం ఉంచి. మెట్టు పరీక్షలో మోకాలు నిలకడగా ఉంటేనే సుమా. మొదట్లో ఒక రోజుకు పాదం నేలను తాకే లెక్క నలభై నుంచి అరవై. పదో వారానికి వంద దాటనివ్వకండి. ఇక్కడ ఎక్కువ చేస్తే ఎక్కువ లాభమన్న లెక్క పనిచేయదు. అలసిన కాళ్ళతో ఎగిరితే వాటికి అలసటే అలవాటవుతుంది.

తాడాటతో చీలమండలు వేడెక్కించండి. తర్వాత ఉన్నచోటే మోకాలు పెద్దగా వంచకుండా చిన్న గెంతులు, పాదం నేల మీద ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. ఆ తర్వాత బెంచీ పైకి ఎగరడం. పైకి ఎగిరి, దిగేటప్పుడు మాత్రం మెట్టు దిగినట్టు నడిచి దిగండి. చివర్లో అసలైనది: రెండడుగులు వేసి తన్నే కాలి మీద నుంచి లేస్తూ, రెండో మోకాలిని ఛాతీ దాకా ఊపడం, గాలిలో కాళ్ళు మార్చడం, నిశ్శబ్దంగా దిగడం. కాలికి ఐదు చొప్పున మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య రెండు నిమిషాలు పూర్తి విశ్రాంతి.

ఆరో అడుగు: వేలాడే బంతి

ఎనిమిదో వారం దాటాక, బంతిని సన్నటి తాడుతో చెట్టు కొమ్మకో గోల్‌పోస్టుకో కట్టండి. మగవాళ్ళ బంతి బరువు 170 నుంచి 180 గ్రాములు, ఆడవాళ్ళది 150 నుంచి 160. చూడటానికి తేలిక, కానీ సింథటిక్ అల్లిక గట్టిగా ఉంటుంది, బూటు లేకుండా తంతే పాదం పైభాగం కమిలిపోతుంది.

మొదట నేల మీదే నిలబడి, ఛాతీ ఎత్తులో ఉన్న బంతిని ఒంటికి అడ్డంగా తన్నండి. నిలబడ్డ పాదం మునివేళ్ళ మీద తిరగాలి. పాదం నేలకు అతుక్కుని మోకాలు తిరిగితే మెలిక అంతా మోకాలు భరిస్తుంది. తర్వాత నడుము ఎత్తులో బంతిని కత్తెర ఊపుతో, ఎగిరి. ఆ తర్వాత ఛాతీ ఎత్తు, తిరుగుతూ. కింద మ్యాట్ ఉండాల్సిందే.

బంతిని పైకి జరపడానికి ఒక్కటే నియమం. పది తన్నుల్లో ఎనిమిదిసార్లు పాదాల మీద, చప్పుడు లేకుండా దిగితే 10 సెంటీమీటర్లు పైకి. తన్ను ఎంత గట్టిగా తగిలిందన్నది లెక్కలోకి రాదు. ఒక ప్రాక్టీసులో పూర్తి రోల్స్ పదిహేను ఇరవైకి మించకండి. తాడు బంతితో నిలకడ వచ్చాక నెట్‌ను 1.2 మీటర్లకు దించి, ఫీడర్, అంటే తన్నేవాడికి బంతి అందించే ఆటగాడు, చేత్తో వేసే బంతితో మొదలుపెట్టండి. అక్కడి నుంచి అసలు ఎత్తుకు మెల్లమెల్లగా.

ఆటకు తగ్గ ఓపిక

కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు, సరిగ్గా బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టంత. అందులో ఒక్కో వైపు ముగ్గురు. చాలా ర్యాలీలు కొద్ది సెకన్లలోనే తేలిపోతాయి. కాబట్టి రోజూ ఐదు కిలోమీటర్ల పరుగు మీ ఆటకు పెద్దగా ఉపయోగపడదు. ఎనిమిది సెకన్లు పూర్తి వేగంతో ముందుకు వెనక్కి పక్కకు కదలడం, పాతిక సెకన్లు నడక. ఇలా పది, తర్వాత మూడు నిమిషాల విశ్రాంతి, మళ్ళీ పది. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. మిగతా ఓపికకు వలయంలో నిలబడి బంతి తన్నుకునే ఆట కంటే మంచి కసరత్తు లేదు. ఇరవై నిమిషాలు ఆడండి, బలహీనమైన కాలితో మాత్రమే తన్నాలని మధ్యమధ్యలో నియమం పెట్టుకోండి.

మీ స్థానాన్ని బట్టి కొంత మార్పు ఉంటుంది. టెకాంగ్ సర్వీస్ చేసేటప్పుడు ఒక పాదం 30 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న వలయంలో నేలను వదలకూడదు. రెండో కాలు తల దాకా పోతుంది. ఒకే కాలు నిలబడుతుంది, ఒకే కాలు తన్నుతుంది, రోజుకు వంద సర్వీసులు. అందుకే టెకాంగ్‌లు తన్నే కాలితో వంద వేస్తే రెండో కాలితో ముప్పై అయినా ఊపాలి, లేకపోతే నడుము ఒక పక్కే బిగుసుకుపోతుంది. ఫీడర్ అర కూర్చుండు భంగిమలో ఎక్కువసేపు ఉంటాడు, గోడకు వీపు ఆనించి గాలిలో కుర్చీ వేసినట్టు నిమిషం చొప్పున మూడుసార్లు కూర్చోవడం అతనికి అదనం. నెట్ దగ్గర ఎగిరి తన్నే కిల్లర్‌కు పైన చెప్పిన నాలుగో, ఐదో అడుగులే ప్రాణం.

వారం ఎలా పంచుకోవాలి

ఎనిమిదో వారం తర్వాత సోమ, గురువారాలు ఎగరడం, దాని వెంటే వేలాడే బంతి. మంగళ, శుక్రవారాలు బలం, ఇప్పుడు వారానికి రెండు రోజులు సరిపోతుంది. బుధ, శనివారాలు ఆట, వలయం, వేగపు కదలికలు. ఆదివారం పూర్తి విశ్రాంతి. తుంటి పదిహేను నిమిషాలు మాత్రం ఆదివారం తప్ప రోజూ. నాలుగు వారాలకోసారి అన్నిటినీ సగానికి తగ్గించండి. ఆ తేలిక వారంలోనే మొదటి అడుగు పరీక్షలు మళ్ళీ చేయండి.

ఎండాకాలంలో మన దగ్గర ఉదయం ఏడులోపు ముగించేయాలి. నీళ్ళతో పాటు ఉప్పు వేసిన మజ్జిగ తాగండి, చెమట బాగా కారిన రోజు ఓఆర్‌ఎస్. తిండికి డబ్బాల్లో పొడులేమీ అవసరం లేదు. పప్పు, గుడ్లు, పెరుగు, పల్లీలు, వీలైతే చేపలు మూడు పూటలకూ పంచుకుని తినండి. అన్నం తగ్గించకండి, ఎగిరేవాడికి అది కావాలి. నిద్ర ఎనిమిది గంటలు. పరీక్షల రోజుల్లో నిద్ర తగ్గితే ఎగిరే రోజును వదిలేయండి, తుంటి పని చేసుకోండి.

ఏ నొప్పికి ఆగాలి

కండరం మొత్తం బరువుగా, పట్టేసినట్టు ఉండి రెండు రోజుల్లో పోతే అది కసరత్తు నొప్పి. ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, పొద్దున లేచాక కూడా ఉండే నొప్పి, తన్నే పద్ధతినే మార్చేసే నొప్పి వేరు. వాటికి ఆగాలి. తొడ వెనక టప్పుమని తెగినట్టు అనిపిస్తే ఆ రోజు ఆట అయిపోయింది. మోకాలిలో చప్పుడు వచ్చి కొద్ది గంటల్లో వాచిందంటే ఎముకల డాక్టరుకు చూపించే దాకా దాని మీద పరుగెత్తకండి. ఎదిగే వయసు పిల్లలకు వెనక్కి వంగినప్పుడు నడుములో నొప్పి రెండు వారాలు దాటి ఉంటే వెన్నుపూసలో చిన్న పగులు ఉండొచ్చు, పరీక్ష చేయించాలి. దెబ్బ తగిలిన చోట గట్టిగా మర్దన చేయించడం, ఎక్స్‌రే తీయించకుండా కట్టు కట్టించుకోవడం వద్దు.

టోర్నమెంటు వారం

ఎగిరే పనిని సగానికి తగ్గించండి. బలం ఒక్క రోజే, అదీ తేలిగ్గా. నార్డిక్‌ను మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందే ఆపేయండి, లేకపోతే పట్టేసిన తొడలతో కోర్టులోకి దిగుతారు. కొత్త కసరత్తు, కొత్త బూట్లు ఆ వారంలో వద్దు. మ్యాచ్ రోజు ఇరవై నిమిషాల ముందు మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు తేలిక పరుగు, పక్క అడుగులు. తర్వాత కాలి ఊపులు ముందుకు, పక్కకు, నడుము ఎత్తు నుంచి మెల్లగా పైకి, కాలికి పదేసి. గొంతుక్కూర్చుని లేవడం పది. ఒంటికాలి మీద చిన్న గెంతులు వేసి నిలపడం, కాలికి మూడు. ఇద్దరూ ముగ్గురూ కలిసి వలయంలో బంతి. చివరగా టెకాంగ్‌కు ఐదారు సర్వీసులు, కిల్లర్‌కు సగం బలంతో రెండు రోల్స్, నిండు బలంతో రెండు. అంతే. మిగిలినవి ఆటకు ఉంచుకోండి.